చదువు చెప్పే బడి – చదువు రాని ఇల్లు: కొత్తపేట ప్రాంతం ఆధారంగా పఠనబోధన శిక్షణ, కుటుంబ అక్షరాస్యతల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రాథమిక తరగతుల్లో చదవడం నేర్పే ఉపాధ్యాయులకు అందుతున్న వృత్తి శిక్షణ ఒక దారిలోను, పిల్లల చదువుకు కుటుంబం నుంచి ఆశిస్తున్న తోడ్పాటు మరొక దారిలోను సాగుతున్నాయి. ఈ రెండూ కలవకపోవడం వల్ల నష్టపోతున్నవారు చదువు రాని ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు. విధాన పత్రాలు, శిక్షణ కార్యక్రమాలు, సాహిత్య రచనలు కుటుంబాన్ని ఏ దృష్టితో చూశాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కోనసీమలోని కొత్తపేట ప్రాంత జీవన నేపథ్యాన్ని ఆధారంగా తీసుకుని, అక్షరం నేర్పే బాధ్యత బడిదేనని, ఇంటి మాటను పాఠంగా మలచుకునే నేర్పు ఉపాధ్యాయ శిక్షణలో భాగం కావాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పఠనబోధన, ఉపాధ్యాయ శిక్షణ, కుటుంబ అక్షరాస్యత, కోనసీమ, గిడుగు, బోయి భీమన్న, మౌఖిక సంప్రదాయం.

1. ఉపోద్ఘాతం

గోదావరి పాయల నడుమ కొబ్బరితోటలు, అరటితోటలు, వరిచేలతో అల్లుకున్న కోనసీమలో కొత్తపేట ఒక ముఖ్య కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడినప్పుడు కొత్తపేట రెవెన్యూ డివిజన్ కేంద్రమయింది. 2011 జనగణన నాటికి ఈ ప్రాంతం భాగంగా ఉన్న తూర్పు గోదావరి జిల్లా అక్షరాస్యత సుమారు 71 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67.02 శాతం కంటే ఇది ఎక్కువే. అయితే ఈ సగటు వెనుక ఉన్న ఇళ్లన్నీ ఒకే తీరువి కావు.

కొబ్బరి దింపుకు, వలుపుకు వెళ్లే తండ్రి, ఈనెలు చీరి చీపుళ్లు కట్టే తల్లి, వరద వస్తే నెలలో కొన్ని రోజులు పడవ మీదే ఆధారపడే లంక గ్రామం — ఇవి ఇక్కడి సాధారణ దృశ్యాలు. వీటికి తోడు కోనసీమకు ప్రత్యేకమైన పరిస్థితి మరొకటి ఉంది. ఇక్కడి నుంచి ఎందరో స్త్రీలు ఇంటి పనుల కోసం కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు వెళ్తారు. అటువంటి ఇళ్లలో పిల్లలను పెంచేది అమ్మమ్మ లేదా నాయనమ్మ. తల్లి గొంతు ఫోనులో వినిపిస్తుంది. బడికి వెళ్లి సంతకం పెట్టవలసిన చోట అమ్మమ్మ వేలిముద్ర పడుతుంది.

పిల్లవాడు చదవడంలో వెనుకబడితే బడి నుంచి ఇంటికి అందే సలహా ఒకటే: ‘ఇంటి దగ్గర చదివించండి’. ఈ ఇంట్లో ఎవరు చదివించాలి? ఏం చదివించాలి? ఈ ప్రశ్నకు సమాధానం ఉపాధ్యాయుడికి ఎవరైనా నేర్పారా? ఈ వ్యాసానికి మూలమైన సమస్య ఇది.

2. విధాన పత్రాల్లో కుటుంబం

విద్యాహక్కు చట్టం (2009) కుటుంబానికి చట్టబద్ధమైన స్థానాన్ని ఇచ్చింది. పాఠశాల యాజమాన్య సంఘంలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలని, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలని నిర్దేశించింది. ‘సంరక్షకులు’ అన్న మాట వల్ల అమ్మమ్మకు కూడా ఇందులో చోటు దొరికింది. అదే చట్టంలోని 24వ సెక్షన్ ఉపాధ్యాయుడి విధులను చెబుతూ, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి వారికి తెలియజేయాలంటుంది. ఇక్కడి క్రియాపదాన్ని గమనించాలి. ఉపాధ్యాయుడు ‘తెలియజేయాలి’. కుటుంబం నుంచి ‘తెలుసుకోవాలి’ అని ఈ విధుల్లో లేదు. అంటే సమావేశంలో ఒకరు చెప్పేవారు, మరొకరు వినేవారు.

ప్రాథమిక స్థాయిలో చదవడం, లెక్కలు చేయడం అందరికీ రావాలన్న లక్ష్యంతో 2021 జులై 5న ‘నిపుణ్ భారత్’ ప్రారంభమయింది. దీనికి అనుబంధంగా ఉపాధ్యాయులకు ఆన్‌లైన్‌లో అందించిన ‘నిష్ఠ 3.0’ శిక్షణలో 12 కోర్సులున్నాయి. వాటిలో ఒకటి తల్లిదండ్రుల, సమాజ భాగస్వామ్యానికి సంబంధించినది. కుటుంబాన్ని పూర్తిగా విస్మరించారని చెప్పడానికి వీల్లేదు. అయితే కుటుంబం విడిగా ఒక కోర్సు అయినప్పుడు, పఠనబోధన అనే మరో కోర్సులోకి అది సహజంగా ప్రవేశించదు. తల్లిదండ్రులను బడికి రప్పించడం ఒక పని, పిల్లవాడికి చదవడం నేర్పడం మరొక పని అన్న భావన ఈ విభజనలోనే స్థిరపడుతుంది. జాతీయ విద్యా విధానం (2020) ప్రతి ఉపాధ్యాయుడికి ఏటా 50 గంటల వృత్తి వికాస శిక్షణ ఉండాలని సూచించింది. గంటల లెక్క స్పష్టంగా ఉంది. ఆ గంటల్లో ఇంటి గురించి ఏం నేర్చుకోవాలన్నదే తేలవలసి ఉంది.

రాష్ట్ర స్థాయిలో తల్లికి ప్రత్యేక గుర్తింపు మరో రూపంలో వచ్చింది. 2020 జనవరిలో మొదలైన ‘అమ్మ ఒడి’, 2025లో అమలుకు వచ్చిన ‘తల్లికి వందనం’ పథకాలు పిల్లల చదువు కోసం తల్లి ఖాతాలోకి నేరుగా డబ్బు చేర్చాయి. పేద కుటుంబానికి ఈ సహాయం విలువైనది. పథకాల పేర్లలోనే తల్లి ఉంది. అయినా ఆమె అక్కడ లబ్ధిదారు మాత్రమే. పిల్లవాడి చదువులో ఆమె చేయగల పని ఏమిటో ఈ పేర్లు చెప్పవు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకేరోజు తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశాలు జరిగాయి. ఇటువంటి సమావేశాల్లో తల్లి చేతికి అందేది ప్రగతి పత్రం. చదువు రాని తల్లికి బడి అందించే మొదటి వస్తువు ఆమె చదవలేని కాగితం కావడం ఆలోచించవలసిన విషయం.

3. ఉపాధ్యాయ సభల నుంచి ఉపాధ్యాయ కేంద్రాల వరకు

బడి భాషకు, ఇంటి భాషకు మధ్య ఉన్న దూరం తెలుగువారికి కొత్త సమస్య కాదు. వ్యావహారిక భాషోద్యమం మొదట కవుల సభల్లో పుట్టలేదు. 1907 ప్రాంతంలో పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో చెప్పే తెలుగు మరొకటి కావడమేమిటని సందేహించాడు. ఆ సందేహానికి జవాబు వెదికినవాడు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతున్న గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). ఆయన తన వాదాన్ని తొలిదశలో వినిపించినది ఉపాధ్యాయుల సమావేశాల్లోనే. నేటి పరిభాషలో చెప్పాలంటే వ్యావహారిక భాషోద్యమం ఒక ఉపాధ్యాయ శిక్షణ సమస్యగా మొదలయింది.

సవర పిల్లల విషయంలో గిడుగు చేసిన కృషి ఇంతకంటే విలువైన పాఠం. ఆయన ముందు సవర భాష నేర్చుకున్నాడు. ఆ తరువాత ఆ భాషలో వాచకాలు సిద్ధం చేసి, బడులు పెట్టించాడు. పాఠం చెప్పడానికి ముందు ఉపాధ్యాయుడు ఇంటి దగ్గర విద్యార్థి కావాలన్నది ఆ క్రమంలో ఉన్న సూత్రం. వ్యావహారిక భాష గ్రంథరచనలో గెలిచింది. ఉపాధ్యాయుడు ఇంటి దగ్గర నేర్చుకోవాలన్న సూత్రం మాత్రం శిక్షణ పాఠ్యాంశాల్లోకి ఆ బలంతో చేరలేదు.

దీనికి నిదర్శనంగా ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకాన్ని పరిశీలించవచ్చు. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి విస్తరించిన ఈ పథకం ఉపాధ్యాయ శిక్షణలో గట్టి మార్పు తెచ్చింది. ఉపన్యాసం వినే శిక్షణ స్థానంలో ఉపాధ్యాయులు కృత్యాలు తయారు చేసి, ఉపాధ్యాయ కేంద్రాల్లో కలిసి చర్చించుకునే పద్ధతి ప్రవేశించింది. ఈ పథకం ఆరు బోధన సూత్రాలను ప్రతిపాదించింది: ఉపాధ్యాయులే రూపొందించిన కృత్యాలు, చేస్తూ, కనుగొంటూ నేర్చుకోవడం, వ్యక్తిగత, జట్టు, పూర్తి తరగతి పనులు, వైయక్తిక భేదాలకు చోటు, స్థానిక పరిసరాల వినియోగం, పిల్లల పనిని ప్రదర్శించి తరగతిని ఆకర్షణీయం చేయడం. వీటిలో ‘స్థానిక పరిసరాలు’ ఒక్కటే బడి గోడ దాటి చూస్తుంది. అక్కడ కూడా పరిసరమంటే ఆకు, గింజ, రాయి వంటి వస్తుసామగ్రిగా అర్థం చేసుకోవడం సులభం. పరిసరంలో మనుషులున్నారని, వారికి మాటలు, కథలు, నైపుణ్యాలు ఉన్నాయని గుర్తించే సూత్రం విడిగా లేదు. ఆ తరువాతి కార్యక్రమాలు ఈ లోటును వారసత్వంగా పొందాయి.

4. సాహిత్య సాక్ష్యం

విధాన పత్రాలు చెప్పని విషయాన్ని సాహిత్యం ముందే చెప్పింది. కోనసీమలోని మామిడికుదురులో పేద దళిత కుటుంబంలో పుట్టిన బోయి భీమన్న (1911–2005) స్వాతంత్ర్యానికి పూర్వమే రచించిన ‘పాలేరు’ నాటకం ఇందుకు ముఖ్యమైన ఆధారం. భూస్వామి దగ్గర పాలేరుగా ఉన్న యువకుడు చదువుకొని ఉన్నతాధికారి కావడం దీని ఇతివృత్తం. భీమన్న తన ఆత్మకథకు ‘పాలేరు నుంచి పద్మశ్రీ వరకు’ అని పేరు పెట్టుకోవడం వల్ల ఈ ఇతివృత్తానికి, ఆయన జీవితానికి ఉన్న సంబంధం స్పష్టమవుతుంది.

ఈ నాటకాన్ని వ్యక్తి విజయగాథగా చదవడం పరిపాటి. కుటుంబ అక్షరాస్యత దృష్టితో చూస్తే మరొక అంశం బయటపడుతుంది. పాలేరుతనంలో పిల్లవాడి శ్రమ ఇంటి ఆదాయంలో భాగం. వాడిని చదువుకు పంపడమంటే కుటుంబం తన కూడులో కొంత వదులుకోవడం. అందువల్ల చదువు రాని ఇల్లు చదువుకు విముఖమైన ఇల్లు కాదు. చదువు కోసం అందరికంటే ఎక్కువ వెల చెల్లించే ఇల్లు అదే. ‘తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు’ అన్న తేలికైన నిర్ధారణకు ఈ నాటక ఇతివృత్తమే సమాధానం. ఈ నాటకం చూసి పిల్లలను బడికి పంపిన కుటుంబాల ప్రస్తావన భీమన్నపై వచ్చిన రచనల్లో తరచుగా కనిపిస్తుంది. ఇందులో గమనించదగినది ప్రక్రియ. నాటకం చూడడానికి అక్షరాలు అక్కరలేదు. చదువు రానివారితో చదువు గురించి వారి కంటికీ చెవికీ అందే రూపంలో సంభాషించడం సాధ్యమేనని భీమన్న చూపాడు.

రెండో సాక్ష్యం కోనసీమకు బయట, నెల్లూరు జిల్లాలో ఉంది. అది పిల్లల బడికి కాక వయోజన విద్యకు సంబంధించినదైనా, ఇంటికీ పాఠానికీ ఉన్న బంధాన్ని తెలుగునాట అంత బలంగా నిరూపించిన ఉదాహరణ మరొకటి లేదు. 1990ల ఆరంభంలో అక్కడ జరిగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో స్త్రీలు చదివిన వాచకంలో ‘సీతమ్మ కథ’ ఒక పాఠం. తాగుడు వల్ల ఒక ఇల్లు ఎలా కూలిందో అది చెబుతుంది. దూబగుంట స్త్రీలు ఆ పాఠంలో తమ ఇంటినే చూసుకున్నారు. అక్కడ రాజుకున్న సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993లో సారా నిషేధానికి దారితీసింది. ఆ పాఠానికి బలం వచ్చింది శైలి వల్ల కాదు, చదివేవారి ఇల్లు అందులో ఉండడం వల్ల. ఇల్లు పాఠంలోకి వచ్చినప్పుడు పాఠం ఇంటికి వెళ్తుంది.

5. కుటుంబ అక్షరాస్యత: రెండు దృక్పథాలు

‘కుటుంబ అక్షరాస్యత’ అన్న భావన డెన్నీ టేలర్ 1983లో ప్రచురించిన గ్రంథంతో విద్యారంగంలో ప్రచారంలోకి వచ్చింది. పాఠశాల చదువుతో నిమిత్తం లేకుండా ఇంటి దైనందిన జీవితంలో చదవడం, రాయడం ఎలా కలిసిపోతాయో ఆమె గమనించింది. అయితే కాలక్రమంలో అమెరికాలో వచ్చిన అనేక కార్యక్రమాలు ఈ పరిశీలనను తలకిందులు చేశాయి. బడి చేసే పనులను తల్లిదండ్రులకు నేర్పి, ఇంటిని చిన్న బడిగా మార్చడమే కుటుంబ అక్షరాస్యత అయింది. ఎల్సా అవర్‌బాక్ 1989లో ఈ ధోరణిని విమర్శించింది. కుటుంబంలో లేనిదాన్ని ఎంచి చూపడం కంటే ఉన్నదాన్ని గుర్తించి, దానిని పాఠంలోకి తేవాలని వాదించింది. లూయిస్ మోల్, ఆయన సహచరులు 1992లో ‘జ్ఞాననిధులు’ అన్న భావనతో ఈ వాదాన్ని ఆచరణకు తెచ్చారు. ఉపాధ్యాయులే శ్రామిక కుటుంబాల ఇళ్లకు వెళ్లి, ఆ కుటుంబాలకున్న వృత్తిజ్ఞానాన్ని తెలుసుకుని తరగతి పాఠాలకు వాడుకోవడం అందులోని పద్ధతి. అక్కడ ఇంటికి వెళ్లడమే ఉపాధ్యాయుడికి శిక్షణ.

‘ఇంటి దగ్గర చదివించండి’ అన్న మాట ఈ రెండింటిలో మొదటి దృక్పథానికి చెందినది. చదువుకున్న తల్లి, తీరిక ఉన్న సాయంత్రం, కొన్ని పుస్తకాలు ఉన్న ఇంటిని అది ఊహించుకుంటుంది. ‘బాల’ (1945), ‘చందమామ’ (1947) పత్రికలు తెలుగు ఇళ్లలో పెంచిన పఠన సంస్కృతి గొప్పదే. కానీ అది పత్రిక కొనగల, చదివి వినిపించగల ఇళ్ల సంస్కృతి. ఆ నమూనాను అన్ని ఇళ్లకూ కొలబద్దగా తీసుకుంటే కొత్తపేట ప్రాంతంలోని కూలి ఇల్లు, గల్ఫ్ ఇల్లు ఎప్పుడూ లోటుగానే కనిపిస్తాయి.

6. ఇంటి మాట – బడి అక్షరం

ఇంటిని గౌరవించడం పేరుతో బోధన బాధ్యతను వదులుకోవడం మరొక ప్రమాదం. తెలుగు లిపి నేర్చుకోవడానికి సమయం పడుతుంది. సుమారు 35 హల్లులకు గుణింతాలు కలిపితేనే ఐదు వందలకు పైగా అక్షరరూపాలు ఏర్పడతాయి. వీటికి ద్విత్వ, సంయుక్తాక్షరాలు అదనం. తెలుగు లిపికి సోదరి అయిన కన్నడ లిపిపై సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, పిల్లలు అక్షరజ్ఞానాన్ని పూర్తిగా పొందడానికి ఇంగ్లీషు వర్ణమాలతో పోలిస్తే ఎక్కువ సంవత్సరాలు పడుతుందని తెలిపింది. ఇంత పనిని ఒక క్రమంలో, ఓపికగా నేర్పవలసింది శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు. అమ్మమ్మ పొడుపుకథ పిల్లవాడికి వత్తులు నేర్పదు. ఆ పని ఆమెకు అప్పగించడం కూడా అన్యాయమే.

ఆమె ఇవ్వగలిగినది వేరు. పాఠంలోని మాటకు అర్థం, కథ నడిచే తీరు, ప్రశ్న వేసి జవాబు రాబట్టే నేర్పు — అవగాహనతో చదవడానికి అవసరమైన ఈ పునాదులు మౌఖిక సంప్రదాయంలో ఉన్నాయి. ఉపాధ్యాయుడు ఈ రెండింటినీ కలపగలడు. ఉదాహరణకు ద్విత్వాక్షరాల పాఠానికి కావలసిన మాటలు కొబ్బరితోటలోనే ఉన్నాయి: కొబ్బరి, మట్ట, చిప్ప, డొక్క, గట్టు. సంయుక్తాక్షరాలకు సంక్రాంతి రోజుల ‘ప్రభ’, ‘తీర్థం’ చాలు. పాఠ్యపుస్తకంలో కనిపించని ‘బోదె’, ‘మెరక’, ‘దింపు’, ‘వలుపు’ వంటి మాటలు పిల్లవాడికి పుట్టినప్పటి నుంచి తెలుసు. తెలిసిన మాటలో తెలియని అక్షరం నేర్చుకోవడం, తెలియని మాటలో తెలియని అక్షరం నేర్చుకోవడం కంటే సులభం. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు వారి నోటి మాటలతోనే చదవడం నేర్పిన సిల్వియా యాష్టన్-వార్నర్ అనుభవాలు (‘టీచర్’, 1963) ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

కొలతల విషయంలోనూ జాగ్రత్త అవసరం. నిపుణ్ భారత్ మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని లక్ష్యంగా పెట్టుకుంది. ‘చదువుకోవాలనుకుంటున్నాడు’ అన్నది తెలుగులో ఒక పదం. ఇంగ్లీషులో ఆ భావానికి నాలుగైదు పదాలు కావాలి. 2022లో జాతీయ స్థాయిలో జరిగిన ప్రాథమిక అభ్యసన అధ్యయనం 20 భాషలకు విడివిడిగా ప్రమాణాలను పరిశీలించడం ఈ భేదానికి లభించిన గుర్తింపు. ఈ విషయం శిక్షణలో ఉపాధ్యాయుడికి, అతని ద్వారా కుటుంబానికి చేరకపోతే, సంయుక్తక్రియ దగ్గర ఆగిన పిల్లవాడు మందబుద్ధిగా ముద్రపడతాడు.

7. శిక్షణలో రావలసిన మార్పులు

పై పరిశీలన ఆధారంగా పాఠశాల సముదాయ సమావేశాలు, బొమ్మూరులోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ వంటి వేదికలు చేపట్టదగిన అంశాలు నాలుగు.

మొదటిది, వినడంలో శిక్షణ. తన విద్యార్థుల ఇళ్లలో వినిపించే మాటలు, కథలు, పొడుపుకథలు, పనిపాటల పేర్లు సేకరించి, వాటిని అక్షరక్రమానికి తగినట్టు పాఠాలుగా మలచడం ఉపాధ్యాయుడి 50 గంటల శిక్షణలో లెక్కకు రావాలి.

రెండవది, కుటుంబాన్ని అడిగే పని మారాలి. ‘చదివించండి’ అన్న చోట ‘పిల్లవాడు చదువుతుంటే వినండి, విన్నదాని మీద ఒక ప్రశ్న అడగండి, మీకు తెలిసిన కథ ఒకటి చెప్పండి’ అనాలి. వినడానికి, అడగడానికి, చెప్పడానికి అక్షరజ్ఞానం అవసరం లేదు.

మూడవది, దూరాన ఉన్న తల్లిని కలుపుకోవడం. అమ్మమ్మ చెప్పిన కథను పిల్లవాడు రాసి, దానిని తానే చదివి ఫోనులో తల్లికి వినిపించడం ఒకే కృత్యంలో వినడం, రాయడం, చదవడం మూడింటినీ ఇముడ్చుకుంటుంది. చదివినదాన్ని వినేందుకు ఒకరు ఎదురుచూస్తున్నారన్న ఎరుక పిల్లవాడికి పఠనాన్ని నిజమైన అవసరంగా మారుస్తుంది.

నాల్గవది, సంబోధన. కోనసీమ మాటతీరులో ‘అండి’కి ఉన్న విలువ అందరికీ తెలిసినదే. కూలి పని మానుకుని బడికి వచ్చిన వృద్ధురాలిని ‘మీరు’ అని పలకరించి, కూర్చోబెట్టి, ఆమెకు తెలిసినదాన్ని ముందు అడగడం మర్యాద మాత్రమే కాదు, బోధనలో భాగం. కులం, కూలి, చదువు అనే మూడు మెట్లు మధ్యలో ఉన్నప్పుడు ఈ నేర్పు దానంతట అది రాదు. దానికీ సాధన కావాలి.

8. ముగింపు

• చట్టం, పథకాలు కుటుంబాన్ని బడి దగ్గరకు తెచ్చినా, దానిని శ్రోతగా, లబ్ధిదారుగా చూసినంతగా చదువులో భాగస్వామిగా చూడలేదు.

• ఉపాధ్యాయుడు ముందు ఇంటి భాష నేర్చుకోవాలన్న గిడుగు ఆచరణ పఠనబోధన శిక్షణకు నేటికీ ఆధారంగా నిలవగలదు.

• చదువు రాని ఇల్లు చదువు కోసం చెల్లించే వెలను ‘పాలేరు’, ఇంటి జీవితం పాఠమైతే కలిగే శక్తిని ‘సీతమ్మ కథ’ ఉదంతం నిరూపించాయి.

• అక్షరం నేర్పడం బడి బాధ్యత. మాటకు అర్థాన్ని, కథకు ప్రాణాన్ని ఇవ్వడం ఇంటికి ఉన్న శక్తి. ఈ రెండింటి మధ్య వంతెన కట్టడం నేర్పేదే సరైన ఉపాధ్యాయ శిక్షణ.

కొత్తపేట ప్రాంతంలోని లంక గ్రామాల్లో ఇంటింటా నిలిచి ఉన్న మౌఖిక సంపదను పఠనబోధన సామగ్రిగా సేకరించి, వర్గీకరించే పని తెలుగు పరిశోధకులకు, ప్రాథమిక ఉపాధ్యాయులకు ఉమ్మడి కర్తవ్యం. విశ్వవిద్యాలయాల్లో జానపద సాహిత్యంగా భద్రపరుస్తున్న ఈ సంపద, అది పుట్టిన ఇంటి పిల్లవాడి తొలి వాచకంలో ఇంకా చోటు కోసం ఎదురుచూస్తోంది.